ట్రాక్టరు టైర్లు: దమ్ముకా, రోడ్డుకా?



తొలకరి పడి, కాలువలకు నీరు వదిలే రోజులు దగ్గరకొచ్చాయంటే ట్రాక్టరున్న ప్రతి ఇంట్లోనూ ఒక మాట మొదలవుతుంది. "వెనక టైర్లు అరిగిపోయినవి. ఈ యేడు మార్చక తప్పదు. ఏ రకం వేయిద్దాం?" దుకాణానికి వెళితే అక్కడాయన ఎత్తైన రబ్బరు గట్లున్న టైరు ఒకటి చూపించి, "బురదలో దీనికి ఎదురులేదండీ" అంటాడు. పక్కనే ఇంకొక రకం దొర్లించి, "ట్రక్కు తోలేవాళ్లకు ఇది బాగా మన్నుతుంది" అంటాడు. ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమే. మన చేతిలో ఉన్న డబ్బు మాత్రం ఒక్క జతకే సరిపోతుంది. చిన్న ట్రాక్టరుకైనా వెనక టైర్ల జత కొనడమంటే ఇవాళ వేలకు వేలు పెట్టుబడి. అందులోనూ చాలామంది అప్పు చేసి కొంటారు. కనుక ఒకసారి పొరపాటు పడితే దిద్దుకోవటానికి రెండు మూడు యేళ్లు పడుతుంది. ఈ వేళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందుగా టైరును ఒకసారి దగ్గర నుంచి చూడండి. పొలానికి గట్లున్నట్టే టైరు మీద కూడా ఏటవాలుగా రబ్బరు గట్లుంటాయి. గట్టుకూ గట్టుకూ మధ్య కాలువ వంటి ఖాళీ ఉంటుంది. గట్లు నేలలో దిగి పట్టు దొరకబుచ్చుకుంటాయి. మధ్యలో ఉన్న కాలువలు అంటుకున్న మట్టిని పక్కలకు వదిలేయాలి. ఈ రెండు పనులూ జరిగితేనే ట్రాక్టరు ముందుకు పోతుంది. నల్లరేగడి బురదలో ఏమవుతుందంటే, జిగట మట్టి ఆ కాలువల్లో కూరుకుపోయి టైరు మొత్తం ఒక నున్నటి బానలాగా తయారవుతుంది. అప్పుడు ఇంజను ఎంత బలమైనదైనా లాభం లేదు. చక్రం ఉన్నచోటనే తిరుగుతూ గొయ్యి తీసుకుంటుంది.

టైర్లలో వాడుకను బట్టి ముఖ్యంగా మూడు రకాలనుకోవచ్చు. ఒకటి మామూలు వ్యవసాయపు టైరు. దీనిని టైరు పక్కన ఆర్-1 అని రాస్తారు. దుక్కికి, గొర్రుకు, కొంత రోడ్డు పనికి ఇది సరిపోతుంది. రెండవది ఆర్-2. వరి, చెరకు పండే తడి నేలలకని తయారుచేసినది. దీని గట్లు ఆర్-1 గట్లకు దాదాపు రెట్టింపు ఎత్తుంటాయి, దూరం దూరంగా కూడా ఉంటాయి. అందువల్ల మట్టి త్వరగా ఊడిపోతుంది. ఈ రెంటికీ మధ్యన ఆర్-1డబ్ల్యూ అని ఇంకొకటి ఉంది. మామూలు గట్ల కంటే కొంచెం ఎత్తు, అంతే. మూడవ రకం బరువులు తోలేవాళ్ల కోసం చేసినది. గట్లు దగ్గరదగ్గరగా, వెడల్పుగా ఉండి, నడిమి భాగంలో ఎక్కువ రబ్బరు రోడ్డును తాకేట్టు ఉంటుంది. తారు మీద ఇది నిదానంగా అరుగుతుంది. బురదలోకి దింపితే మాత్రం మొదటి పది గజాల్లోనే మట్టితో పూడిపోతుంది.

అయితే బురదకు మంచిదయిన ఆర్-2 నే అందరూ కొనుక్కుంటే పోలేదా? నేను కూడా ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను. ఆ కథ చెప్పాలి.

వ్యవసాయ డిప్లమా పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన రెండో యేడు. కాలువ చివరి భూముల్లో ఒక పెద్దాయన నన్ను పిలిచారు. ఆరెకరాల మాగాణి, పాత ట్రాక్టరు ఒకటి. దమ్ములో ట్రాక్టరు నాలుగైదు సార్లు దిగబడి, మనుషులను పెట్టి లాగించవలసి వచ్చిందట. పొలం చూశాను. పిక్కల లోతు బురద. ఇంకేం ఆలోచించకుండా, "ఎత్తు గట్ల టైర్లు వేయించండి" అని చెప్పాను. ఆయన అప్పు తెచ్చి వేయించారు. ఆ సార్వా దమ్ము దివ్యంగా జరిగింది. నేనూ సంతోషించాను. తరువాత వేసవి రెండుసార్లు వచ్చి వెళ్లింది. ఆ రెండు వేసవులూ ఆయన కొడుకు ఇటుక బట్టీకి మట్టి, ఇటుక తోలాడు. మూడో యేడు దమ్ముకు ట్రాక్టరు దింపే నాటికి ఆ ఎత్తు గట్లు సగానికి సగం అరిగి, మామూలు టైరు కంటే అధ్వాన్నంగా ఉన్నాయి. అప్పు మాత్రం ఇంకా తీరలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. "బాబూ, నువ్వు నా పొలం చూశావు గాని, నా బండి నడిచే దారి చూడలేదు" అన్నారు.

అప్పటినుంచి టైర్ల సంగతి ఎవరడిగినా నేను పొలం గట్టు మీదకు పోయే ముందు ట్రాక్టరు ఎక్కి అవర్‌మీటరు చూస్తున్నాను.

ఎత్తు గట్లు రోడ్డు మీద అంత త్వరగా ఎందుకు పోతాయి? టైరు మొత్తం రోడ్డును తాకదు, గట్ల కొనలు మాత్రమే తాకుతాయి. గట్లు దూరదూరంగా ఉండటంతో తాకే రబ్బరు తక్కువ, మోసే బరువు మాత్రం అంతే. పైగా ఎత్తైన గట్టు ప్రతి చుట్టుకూ అటూ ఇటూ వంగుతుంది. వంగినప్పుడల్లా తారుకు రాసుకుంటుంది, వేడెక్కుతుంది. నడిపేవాడికి నడుము పట్టేసేంత కుదుపు. వెనక ట్రక్కులో అయిదారు టన్నులు ఉంటే చెప్పనే అక్కరలేదు. ఎండిన మెట్టలో దున్నేటప్పుడు కూడా ఈ గట్ల వల్ల ప్రత్యేకమైన లాభమేమీ లేదు. గట్టి నేలలో అవి పూర్తిగా దిగవు. దిగకపోతే ఎత్తు దేనికి?

కనుక మనం తేల్చుకోవలసిన ప్రశ్న "బురదలో ఏది మంచిది?" అన్నది కాదు. "నా ట్రాక్టరు ఏడాదిలో ఎన్ని గంటలు బురదలో ఉంటున్నది?" అన్నది. దీనికి ఒక నోటుపుస్తకం చాలు. పనికి పోయేటప్పుడు అవర్‌మీటరు అంకె రాయండి, తిరిగొచ్చాక మళ్లీ రాయండి. పక్కన ఒక్క అక్షరం వేయండి: దమ్ముకు ద, మెట్ట దుక్కికి మె, రోడ్డుకు రో. మీరు రాయలేకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు గదా, వాళ్లకు అప్పజెప్పండి. ఏడాది తిరిగేసరికి లెక్క దానంతటదే తేలుతుంది.

నేను చెప్పిన పెద్దాయన తరువాత ఇలాగే రాయించారు. మొదలుపెట్టినప్పుడు "సగం పని బురదలోనే బాబూ" అన్నారు. చివరకు కూడి చూస్తే దమ్ము గంటలు అయిదో వంతు కూడా లేవు. ఇది ఆయన ఒక్కరి పొరపాటు కాదు. బురదలో ట్రాక్టరు దిగబడి, పదిమందిని పిలిచి, చీకటి పడేదాకా అవస్థపడిన రోజు మనకు యేళ్ల తరబడి గుర్తుంటుంది. బజారుకు ధాన్యం తోలి మధ్యాహ్నానికి ఇంటికొచ్చిన రోజు ఎవరికి గుర్తుంటుంది? టైరు మాత్రం ఆ రోజే ఎక్కువ అరుగుతుంది.

ఇంకొక సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. కూలీల కొరత వల్లనూ, నీరు ఆలస్యంగా రావటం వల్లనూ ఇటీవల చాలాచోట్ల వరిని వెదజల్లుతున్నారు, లేదా పొడి దుక్కిలోనే గొర్రుతో విత్తుతున్నారు. పొడి దుక్కిలో విత్తే పొలంలో దమ్మే ఉండదు. మీరు గాని, మీరు కిరాయికి దున్నే రైతులు గాని ఆ పద్ధతికి మళ్లుతుంటే, వచ్చే యేడు మీ బురద గంటలు ఇంకా తగ్గుతాయి. ఒక్క బురద కోసమే టైరు కొనే ముందు మీ చుట్టుపక్కల రైతులను కూడా ఒక మాట అడగండి.

సరే, బురద గంటలు తక్కువే. తక్కువయినా దమ్ము తప్పదు గదా, ఆ నెల రోజులు ఎలా గడవాలి అంటారా? అక్కడికే వస్తున్నాను. దానికి జవాబు మన కమ్మరి దగ్గరే ఉంది. ఇనప దమ్ము చక్రాలు.

కోస్తాలో దమ్ము అంటాము, తెలంగాణలో కరిగెట్టు అంటారు. పేరేదైనా, ఆ పనికి ఇనప చక్రాల వాడకం రెండుచోట్లా ఉంది. ఇవి రెండు విధాలు. ఫుల్‌కేజి అంటే రబ్బరు చక్రం పూర్తిగా తీసేసి దాని స్థానంలో ఇనప చక్రం బిగించటం. హాఫ్‌కేజి అంటే రబ్బరు చక్రం అలాగే ఉంచి, దాని పక్కన బయటివైపు సగం వెడల్పు ఇనప చక్రాన్ని తగిలించటం. హాఫ్‌కేజి తగిలిస్తే ట్రాక్టరు బరువు ఎక్కువ వెడల్పు మీద పరుచుకుని దిగబాటు తగ్గుతుంది. ఇనప పట్టీలు బురదను కోసుకుంటూ పట్టు ఇస్తాయి. మట్టి కూడా దమ్ముకు కావలసినట్టు మెత్తగా నలుగుతుంది. ఖరీదు కొత్త రబ్బరు జత కంటే తక్కువ. వెల్డింగు పని తెలిసినవారు ఊళ్లలోనే చేసిపెడతారు. పాతవి కూడా దొరుకుతాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. మొదట్లో ట్రాక్టర్లన్నీ ఇనప చక్రాలతోనే నడిచేవి. అమెరికాలో 1932లో ఆలిస్ చామర్స్ కంపెనీ గాలి నింపిన రబ్బరు టైర్లతో పొలం ట్రాక్టరును అమ్మకానికి తెచ్చింది. అప్పుడు అక్కడి రైతులు కూడా రబ్బరు దుక్కికి నిలుస్తుందా అని సందేహించారు. రబ్బరు వచ్చింది, వేగం వచ్చింది, రోడ్డు పని వచ్చింది. వరి మడిలో మాత్రం పాత ఇనప చక్రం అవసరం తీరలేదు.

ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఈ అంకెలు కేవలం లెక్క పద్ధతి చూపటానికి. మీ ఊరి ధరలు, మీ అరుగుదల వేసుకోండి. ఎత్తు గట్ల జత 45 వేలకు కొన్నారనుకుందాం. రోడ్డు పని ఎక్కువై 2 యేళ్లకే అరిగిందనుకుందాం. అంటే యేడాదికి 22,500 రూపాయలు. అదే మామూలు జత 40 వేలు, 4 యేళ్లు వచ్చిందనుకుంటే యేడాదికి 10 వేలు. దానికి తోడు హాఫ్‌కేజి చక్రాలు 16 వేలు పెట్టి కొని 8 యేళ్లు వాడితే యేడాదికి 2 వేలు. రెండూ కలిపి 12 వేలు. ఏటా 10,500 రూపాయలు మిగిలాయి. మొదట చేతి నుంచి పోయేది మాత్రం 45 వేలకు బదులు 56 వేలు, అది కూడా చూసుకోవాలి. అంత డబ్బు ఒక్కసారి లేకపోతే ముందు మామూలు టైర్లు వేయించి, మొదటి సీజను దమ్ము చక్రాలు అద్దెకు తెచ్చుకోండి. నలుగురు కలిసి ఒక జత కొనుక్కున్నవారు కూడా ఉన్నారు. అయితే నలుగురికీ నీళ్లు ఒకే వారంలో వస్తే తగువు తప్పదు. వంతులు ముందే రాసుకోండి.

టైర్లు ఇంకా పూర్తిగా అరగక, గట్లు మూడోవంతో సగమో మిగిలి ఉన్నవాళ్ల సంగతి మరీ సులువు. అవి మార్చకుండా హాఫ్‌కేజి చక్రాలు మాత్రమే కొని ఈ దమ్ము దాటించవచ్చు. టైర్లు దమ్ము తరువాత, ధాన్యం డబ్బు చేతికొచ్చాక మార్చవచ్చు.

మరి ఎత్తు గట్ల టైరు ఎవరికీ వద్దా? కావాలి. రెండు పంటలకూ కిరాయి దమ్ము చేస్తూ, వారాల తరబడి ఒక చేనులోంచి ఇంకొక చేనులోకి గట్ల వెంటనే తిరుగుతూ, ట్రక్కు ముఖం చూడని ట్రాక్టరుకు అది సరైన టైరు. డెల్టాలో అటువంటివి ఉన్నాయి. ఇంట్లో రెండు ట్రాక్టర్లుండి ఒకదాన్ని మాగాణికే కేటాయించినా అంతే. నోటుపుస్తకంలో సగం గంటలకు పైగా "ద" పడితే నిస్సందేహంగా వేయించండి.

కొందరు ఇంకొక ఉపాయం అడుగుతున్నారు. పాత డిస్కులు రెండు సంపాదించి, వాటికి సెకండ్‌హాండు ఎత్తు గట్ల టైర్లు ఎక్కించి ఉంచుకుంటే, దమ్ముకు అవీ, మిగతా కాలానికి ఇవీ మార్చుకోవచ్చు గదా అని. మంచి ఆలోచనే. విదేశాల్లో మన పిల్లలున్నవారు వినే ఉంటారు, మంచు కురిసే దేశాల్లో కార్లకు ఇలాగే చేస్తారు. చలికి మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తప్పుతుంది కనుక శీతాకాలానికి మెత్తటి రబ్బరు టైర్లు వేరే వేసుకుంటారు. కెనడాలోని క్వెబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అక్కడి కార్లకు అవి చట్టప్రకారం ఉండి తీరాలి. అక్కడ కూడా డబ్బు తక్కువున్నవాళ్లు అన్ని కాలాలకూ ఒకే జత సరిపెట్టుకోవచ్చా అని మనలాగే తర్జనభర్జన పడతారు. మన దగ్గర ఈ పద్ధతికి చిక్కేమిటంటే, ట్రాక్టరు వెనక చక్రం విప్పటం కారు చక్రం విప్పటం వంటిది కాదు. బరువు చాలా ఎక్కువ. మంచి జాకీ, చదునైన గట్టి నేల, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండాలి. పైగా సెకండ్‌హాండు టైరు లోపలి నారలు తెగి ఉన్నదీ లేనిదీ పైకి కనబడదు. చూసి తెలుసుకోగల మెకానిక్కు తోడుంటేనే ఆ జోలికి పోండి.

దమ్ము చక్రాలతో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి రోడ్డుకు, ఒకటి ప్రాణానికి.

రోడ్డు సంగతి అందరికీ తెలిసిందే. ఇనప పట్టీలు తారును పెళ్లగిస్తాయి. తారు రోడ్డు మీద దమ్ము చక్రాలతో నడపకూడదని అధికారులు సీజను సీజనుకూ చాటింపు వేయిస్తున్నారు, పట్టుకుంటే జరిమానా వేస్తున్నారు. "రోడ్డు దాటటమే గదా, పది గజాలే గదా" అనుకుంటాం. వందమంది పది గజాలు దాటితే ఆ చోట రోడ్డు ఉండదు. వానాకాలంలో ఆ గుంటలో మోటారుసైకిలు మీద పడేది మన పిల్లవాడే కావచ్చు. చక్రాలను ట్రక్కులో వేసుకుని పోయి పొలం దగ్గర బిగించుకోండి. ఫుల్‌కేజి కంటే హాఫ్‌కేజి నయమని నేననేది ఇందుకు కూడా. దాన్ని విప్పితే ట్రాక్టరు రబ్బరు మీద ఇంటికొస్తుంది.

ప్రాణం సంగతి నిదానంగా చదవండి, ఇంట్లో ట్రాక్టరు నడిపే కుర్రవాళ్లకు చదివి వినిపించండి. వెనక చక్రాలు బురదలో బిగుసుకుపోయి తిరగలేని స్థితిలో ముందుకు గేరు వేసి క్లచ్చి ఒక్కసారి వదిలారనుకోండి. ఇంజను బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలి. చక్రాన్ని తిప్పలేకపోతే, ఆ చక్రపు ఇరుసును ఆధారం చేసుకుని ట్రాక్టరు ముందు భాగాన్నే పైకి లేపుతుంది. ముక్కు లేచిన ట్రాక్టరు వెనక్కి బోర్లపడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. దూకటానికి వ్యవధి ఉండదు. నడిపేవాడు స్టీరింగు కింద, బురదలో ఉండిపోతాడు. దమ్ము రోజుల్లో పత్రికల్లో ఇటువంటి వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. దమ్ము చక్రానికి పట్టు ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందుచేత దిగబడిన ట్రాక్టరు చక్రాలకు దుంగ కట్టి ముందుకు నడిపే పని ఎన్నటికీ చేయకండి. మన ఊళ్లలో ఇది మామూలు ఉపాయమైపోయింది. దుంగ నేలకు తన్నుకోగానే చక్రం ఆగిపోతుంది, ముక్కు లేస్తుంది. దిగబడితే మొదట ఆపండి. చక్రాల వెనక మట్టి తవ్వి, రివర్సు గేరులో, వచ్చిన దారినే నిదానంగా వెనక్కి రండి. రాకపోతే ఇంకొక ట్రాక్టరును గట్టి నేల మీద నిలిపి పొడుగాటి గొలుసుతో లాగించండి. గొలుసు తగిలించేది కింద, డ్రాబారుకు. పైన ఉన్న టాప్‌లింకు కొక్కేనికి కాదు. గట్టు ఎక్కేటప్పుడు కూడా ఇదే భయం. ఎత్తు గట్టును ముక్కుతో ఎక్కించకండి. పారతో గట్టును ఏటవాలుగా చెక్కి, చిన్న గేరులో నిటారుగా దాటండి. ఏటవాలు చేయటానికి వీలు లేకపోతే రివర్సులో ఎక్కండి. ఒక చక్రం మాత్రమే ఉత్తగా తిరుగుతుంటే డిఫరెన్షియలు లాకు తొక్కండి, నిటారుగా పోయినంతసేపే. మలుపు తిప్పే ముందు వదిలేయాలి.

ఇక దుకాణంలో. టైరు పక్కన 13.6-28 అని ఉంటే మొదటి అంకె వెడల్పు, రెండవది డిస్కు వ్యాసం, రెండూ అంగుళాల్లో. పాత కొలతే కొనండి. ముఖ్యంగా నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరుకు ముందు వెనక టైర్ల కొలతలకు ఒక పొంతన ఉంటుంది, అది చెడితే గేర్లపెట్టె మీద భారం పడుతుంది. 12 పీఆర్ అని రాసినంత మాత్రాన లోపల 12 పొరలున్నాయని అర్థం కాదు, అది బలానికి గుర్తు. అన్నిటికంటే చూడవలసింది తయారీ తేదీ. నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. మూడు నాలుగేళ్లు గోదాములో పడి ఉన్న సరుకును "మీకు కాబట్టి తగ్గించి ఇస్తున్నా" అంటే సంతోషపడకండి. పక్కగోడల మీద సన్నటి పగుళ్లున్నాయేమో గోటితో గీరి చూడండి. వెనకవి రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే ఎత్తుల తేడాకు డిఫరెన్షియలు రోజంతా పనిచేస్తూనే ఉంటుంది.

బిగించాక ట్రాక్టరు వెనక నిలబడి చూడండి. గట్ల బాణపు మొన ఆకాశం వైపు చూస్తుండాలి. మొన నేల వైపు ఉంటే టైరు తిరగవేశారన్నమాట. అలా ఉంటే బురదను పక్కలకు నెట్టక మధ్యకే పోగుచేసుకుంటుంది. నవ్వకండి, ఈ పొరపాటు నేను రెండు మూడుచోట్ల చూశాను.

గాలి సంగతి ఎవరూ పట్టించుకోరు గాని టైరు ఆయుష్షు సగం దానిలోనే ఉంది. పొలంలో వెనక టైర్లకు సాధారణంగా 12 నుంచి 14 పౌన్లు పెడతారు. ట్రక్కు తోలేటప్పుడు ఇంకో నాలుగైదు పౌన్లు కావాలి. కచ్చితమైన అంకె మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. పొలానికి పెట్టిన గాలితోనే ఇటుక తోలితే పక్కగోడలు నలిగి పగులుతాయి. రోడ్డుకు పెట్టిన గాలితోనే దమ్ములోకి దిగితే టైరు గట్టిపడి, తక్కువ వెడల్పు మీద నిలిచి దిగబడుతుంది. వేసవి దుక్కికి పట్టు కోసం టైర్లలో నీళ్లు నింపించుకున్నవారు దమ్ముకు ముందు తీయించేయండి. ఒక్కో టైరులో వంద లీటర్లకు పైగా నీరు పడుతుంది. ఆ బరువు మెట్టలో మేలు, ఊబిలో కీడు.

టైరు జారుతున్నదా లేదా అన్నది కంటితో అంచనా వేయకండి. మెట్ట దుక్కిలో చిన్న పరీక్ష ఉంది. వెనక టైరు మీద సుద్దతో గీత గీయండి. నాగలి దించి దున్నుతూ చక్రం 10 చుట్లు తిరిగినంత దూరానికి రెండు కర్రలు పాతండి. ఇప్పుడు నాగలి ఎత్తి అదే దూరం నడిపి చుట్లు లెక్కపెట్టండి. ఎనిమిదిన్నర చుట్లకు ఆ దూరం వచ్చిందా, జారుడు నూటికి 15. అంతవరకు ఫరవాలేదు. ఏడు చుట్లకే వచ్చిందంటే, దున్నేటప్పుడు ప్రతి పది చుట్లలో మూడు ఉత్తవే. ఆ మూడు చుట్ల డీజిలూ, ఆ మూడు చుట్ల రబ్బరూ మీవే. అప్పుడు టైరు మార్చే రోజు వచ్చిందనుకోండి, లేదా నాగలి లోతు తగ్గించండి.

దమ్ము అయిపోగానే ఇనప చక్రాల మట్టి కడిగి, పాత ఇంజనాయిలు పూసి, నీడన నిలబెట్టండి. రబ్బరు టైర్లకు మాత్రం ఆయిలు తగలనీయకండి, రబ్బరు ఉబ్బి చెడుతుంది. చక్రాలు మార్చిన ప్రతిసారీ, ఒక పూట నడిపాక నట్లు మళ్లీ బిగించండి. మొదటిసారి ఎంత గట్టిగా బిగించినా కొంత వదులవుతాయి. పొద్దున బిగించినవాడే మధ్యాహ్నం అన్నానికి ఆపినప్పుడు పానా తీసుకుని ఒక చుట్టు చూసుకుంటే సరిపోతుంది.